బరువు తగ్గాను, బట్టలు మాత్రం తగ్గలేదు

11 కిలోలు తగ్గాక జనం మెచ్చుకుంటారనుకున్నాను. "ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు! అద్దం ముందు నిలబడితే విషయం తెలిసింది. చొక్కా భుజం కుట్టు రెండు ఇంచులు జారి చేతి మీదికి వచ్చింది. బెల్టు బిగిస్తే ప్యాంటు నడుము చుట్టూ కుచ్చిళ్లే.

ఇంకా తగ్గుతాను కదా అని ముందుగానే ఒక సైజు చిన్నవి కొన్నాను. అదో తెలివితక్కువ పని. బొత్తాల మధ్య గుడ్డ నోరు తెరిచేది. అవి పట్టే రోజు వచ్చేసరికి వాటి మీద మోజే పోయింది.

చివరికి ఓ ఆదివారం బీరువా అంతా మంచం మీద పోసి, ఒక్కొక్కటీ వేసుకుని చూశాను. భుజాల దగ్గర సరిపోయినవే టైలర్‌కి ఇచ్చాను. పక్క కుట్లు లోపలికి పట్టించడం తేలిక. భుజాలు తగ్గించాలంటే చేతులు ఊడదీసి మళ్లీ కుట్టాలి, ఆ తలనొప్పి కంటే ఎవరికైనా ఇచ్చేయడం నయం. ప్యాంటు నడుము కూడా రెండు ఇంచులకు మించి తగ్గించలేదు. మరీ తగ్గిస్తే వెనక జేబులు రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. లోపల మిగిలిన గుడ్డ కత్తిరించొద్దని గట్టిగా చెప్పాను, మళ్లీ లావైతే కుట్టు విప్పుకోవచ్చని. (మధ్యలో మూడు కిలోలు పెరిగాను కూడా. అప్పుడు అదే కాపాడింది.)

కొత్తగా కొన్నవి కొంచెం సాగే గుడ్డతో రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, అంతే. నెలకోసారి టేపుతో నడుము, ఛాతీ కొలిచి ఫోన్‌లో రాసుకుంటున్నాను. కాటా కదలని నెలలో కూడా నడుము అర ఇంచు తగ్గింది.