ఆక్సీమీటర్ 95 చూపిస్తోందని ఇంట్లో ఆగిపోకండి

చలికాలం వస్తోంది. ఫ్లూ, కోవిడ్, ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్ మూడూ తిరిగే నెలలు. అమెరికాలో, బ్రిటన్‌లో మన ఇళ్లలో చాలాచోట్ల ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటారు. టీకాలు, మాస్కుల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది కుటుంబాలను ముంచేసిన ఒక్క తప్పు గురించి. రక్తంలో ఆక్సిజన్ శాతం చెప్పే ఆక్సీమీటర్, అంటే వేలికి పెట్టిన క్లిప్, 95 చూపిస్తోంది కదా అని, ఆయాసపడుతున్న మనిషిని ఇంకో రాత్రి ఇంట్లోనే ఉంచేయడం.

ఆ పరికరం వేలిలోంచి కాంతిని పంపి ఆక్సిజన్‌ను అంచనా వేస్తుంది. చర్మంలోని మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, రంగు ఎక్కువున్న చర్మం మీద అంకె ఉన్నదానికంటే ఎక్కువ పడే ప్రమాదం ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2020 డిసెంబరులో బయటపెట్టిన లెక్క చూడండి. క్లిప్ 92 నుంచి 96 చూపించినా రక్తంలో నిజానికి 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లజాతివారిలో 11.7 శాతం. తర్వాతి అధ్యయనాల్లో ఆసియావాళ్లలోనూ ఈ తేడా కనిపించింది.

పాలకులు ఏం చేశారంటే, కొందరు అడగాల్సింది అడిగారు. బ్రిటన్ అప్పటి ఆరోగ్య మంత్రి సాజిద్ జావిద్ 2021 నవంబరులో వైద్య పరికరాల్లో జాతి వివక్షపై సమీక్ష వేయించారు. నివేదిక 2024 మార్చిలో గానీ రాలేదు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2013 నాటి మార్గదర్శకాల ప్రకారం, ఆక్సీమీటర్‌ను పదిమంది మీద పరీక్షించి, అందులో ఇద్దరికి నల్లని చర్మం ఉంటే చాలు. దాన్ని మార్చే ముసాయిదా 2025 జనవరిలో వచ్చింది. మందుల షాపుల్లో అమ్మే క్లిపుల్లో చాలావాటిని ఎఫ్‌డీఏ అసలు పరిశీలించనే లేదు. మీ సొరుగులో ఉన్నది ఆ బాపతే అనుకోండి.

కొలిచేటప్పుడు: ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చేతులు వెచ్చబడాలి, చల్లటి వేలికి రక్తం సరిగా అందదు. గోళ్లరంగు తీసేయండి. గోరింటాకు పెట్టిన వేలు వద్దు. అంకె నిలకడగా ఉండేదాకా, కనీసం నిమిషం ఆగండి.

ఒంట్లో బాగున్నప్పుడే అంకె రాసిపెట్టుకోండి. ఎప్పుడూ 98 ఉండే నాన్నగారికి 94 పడితే అది దిగజారడమే, 94 మంచిదేగా అనుకోకండి.

అంకె కాదు, మనిషిని చూడండి. వాక్యం మధ్యలో ఊపిరికి ఆగుతున్నారా? బాత్రూమ్ దాకా నడిస్తేనే రొప్పుతున్నారా? కొత్తగా మగత, తికమక ఉన్నాయా? ముఖం రంగు చూసి తేల్చకండి, మన ఛాయలో నీలం కనపడదు. పెదవుల లోపలివైపు, నాలుక, చిగుళ్లు నీలంగా ఉన్నాయేమో చూడండి.

వీటిలో ఏది ఉన్నా, క్లిప్ 95 చూపించినా, అమెరికాలో 911కి ఫోన్ చేయండి. బ్రిటన్‌లో 999.

ఖర్చుకు భయపడి పెద్దవాళ్లు ఆయాసం దాస్తారు. అడగొద్దు, గమనించండి. డబ్బున్నా లేకున్నా, ఏ వీసా మీదున్నా, అమెరికాలో ఎమర్జెన్సీ విభాగం పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలని 1986 నుంచి చట్టం ఉంది.

ఆసుపత్రిలో దుబాసీని అడగండి, ఉచితం. పిల్లల చేత అనువాదం చేయించకండి.

క్లిప్ మీద అంకె బాగానే ఉందని ఇంటికి పంపేస్తుంటే, రక్తంలో ఆక్సిజన్‌ను నేరుగా కొలిచే ధమని రక్తపరీక్ష చేస్తారా అని అడగండి. చర్మం రంగు వల్ల అంకె తప్పవచ్చని నోరు తెరిచి చెప్పండి. వద్దంటే ఎందుకు వద్దో రికార్డులో రాయమనండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా చూద్దామనకండి.