పిక్ చిప్‌కి తాళం వేసేముందు, తీసేముందు

బోర్ మోటార్ ఆటో స్టార్టర్ బోర్డుల్లో మేం పిక్ 16ఎఫ్877ఏ అనే మైక్రోకంట్రోలర్ చిప్ వాడతాం, చిన్న టైమర్లకైతే 12ఎఫ్675. చిప్‌లో ప్రోగ్రాం రాసే పిక్‌కిట్ 3 ప్రోగ్రామర్, దాన్ని కంప్యూటర్ నుంచి నడిపే ఎంప్‌ల్యాబ్ ఐపీఈ సాఫ్ట్‌వేర్ (పిక్‌కిట్ 3ని గుర్తించే పాత వెర్షన్) ఉంటే పని నడుస్తుంది. షాపులో కొత్తగా చేరినవాళ్ళకి నేను ముందు నేర్పేది ఎరేజ్ బటన్ ఎప్పుడు నొక్కకూడదో.

మొదట రీడ్ కొట్టండి. ప్రోగ్రాం మెమరీ నిండా 3ఎఫ్ఎఫ్ఎఫ్ కనిపిస్తే చిప్ ఖాళీ. అన్నీ సున్నాలే వస్తే ఖాళీ అనుకోకండి, అది కోడ్ ప్రొటెక్షన్, అంటే లోపలి ప్రోగ్రాం ఎవరూ చదవకుండా వేసిన తాళం. రిపేరుకొచ్చిన బోర్డులో సున్నాలు కనిపించి, మీ దగ్గర దాని హెక్స్ ఫైల్ (చిప్‌లో రాసే ప్రోగ్రాం ఫైల్) లేకపోతే అక్కడితో ఆగిపోండి. ఎరేజ్ చేశారంటే ఆ ప్రోగ్రాం మళ్ళీ దొరకదు.

సీపీ (కోడ్ ప్రొటెక్షన్) బిట్‌ని ఒకసారి 0 చేశాక, అంటే తాళం వేశాక, దాన్నొక్కదాన్నే తిరిగి 1 చేయడం కుదరదు. చిప్ మొత్తం చెరిపేయాల్సిందే, దాన్నే బల్క్ ఎరేజ్ అంటారు. 877ఏలో ప్రోగ్రాంతోపాటు ఈఈప్రామ్‌లోని (కరెంటు పోయినా సెట్టింగులు నిలిచే మెమరీలోని) 256 బైట్లూ పోతాయి. మా బోర్డుల్లో డ్రై రన్, ఓవర్‌లోడ్ సెట్టింగులు ఉండేది అందులోనే. అందుకే ముందు డిస్‌ప్లే చూసి కాగితం మీద రాసుకుంటాం.

ఎరేజ్ అయిందన్నా సున్నాలే వస్తుంటే మీటర్ పెట్టి వీడీడీ (చిప్‌కి అందే సప్లై వోల్టేజీ) చూడండి. బల్క్ ఎరేజ్‌కి 4.5 నుంచి 5.5 వోల్టులు కావాలి. పిక్‌కిట్ 3 బయటికివ్వగలిగేది 30 మిల్లీ ఆంపులే. రిలే, డిస్‌ప్లే ఉన్న బోర్డుకి అదేం సరిపోతుంది? బోర్డుకి దాని సొంత 5 వోల్టుల సప్లై ఇచ్చి, ఐపీఈలో టార్గెట్‌కి పవర్ ఇచ్చే ఆప్షన్ తీసేయండి.

12ఎఫ్675తో ఇంకో తలనొప్పి. దాని చివరి అడ్రస్ 3ఎఫ్ఎఫ్‌లో ఆసిలేటర్ క్యాలిబ్రేషన్ (చిప్ లోపలి క్లాక్ వేగాన్ని సరిచేసే విలువ) ఉంటుంది, 34తో మొదలవుతుంది, ఏ చిప్ విలువ దానిదే. నాసిరకం ప్రోగ్రామర్లు దాన్నీ తుడిచేస్తాయి. అప్పుడు ఆ విలువ కోసం కాల్ చేసిన ప్రోగ్రాం వెనక్కి రాకుండా మెమరీ చివర దాటి మళ్ళీ సున్నా అడ్రస్‌కే వెళ్తుంది, అక్కడక్కడే తిరుగుతుంటుంది. మీరేమో కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. కొత్త చిప్ చేతికి రాగానే రీడ్ చేసి ఆ అంకె రాసి పెట్టుకోండి.

ప్రొటెక్షన్ వేయడం ఆఖరి పని. సీపీ ఆఫ్‌లో ఉంచి రాసి, వెరిఫై చేసి, మోటార్ మీద నడిపి చూశాకే సీపీ ఆన్ చేసి మళ్ళీ రాయండి. ఈఈప్రామ్‌కి తాళం వేసే సీపీడీ వేరే బిట్, అది మర్చిపోతే సెట్టింగులు ఎవరైనా చదివేస్తారు. ఆ తర్వాత విడిగా వెరిఫై కొడితే ఫెయిల్ అంటుంది. చిప్ చదవనివ్వట్లేదు కాబట్టి అలా వస్తుంది, టెన్షన్ పడకండి.

వెర్షన్ నంబర్ మాత్రం యూజర్ ఐడీ లొకేషన్లలో (మన గుర్తు రాసుకోవడానికి చిప్‌లో విడిగా ఉండే చోట్లలో) వేయండి. ప్రొటెక్షన్ ఉన్నా అవి చదవడానికి వస్తాయి. రెండేళ్ళకి బోర్డు తిరిగొచ్చినా ఏ హెక్స్ ఫైల్ వెతకాలో తెలుస్తుంది.