అరుదైన పేరు ఎక్కడ పుట్టింది, అర్థం ఏంటి, ఎంతమందికి ఉంది, ఇవి తెలుసుకోవడం ఎలా

ఏదైనా కొత్త పేరు నచ్చగానే మనం దాన్ని గూగుల్‌లో కొట్టి పక్కన మీనింగ్ అని పెడతాం, వెంటనే పది సైట్లు వస్తాయి, పదింట్లోనూ ఒకటే అర్థం ఉంటుంది కాబట్టి అదే నిజం అనుకుని వదిలేస్తాం. కానీ అరుదైన పేర్ల దగ్గర ఆ పది సైట్లూ ఒకదాన్ని చూసి ఇంకోటి కాపీ కొట్టినవే అయ్యే ఛాన్స్ చాలా ఎక్కువ. అందరికీ తెలిసిన పేరుకి తప్పు అర్థం రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఎవరికీ తెలియని పేరుకి అడిగేవాళ్ళు ఉండరు. అందుకే అర్థంతో మొదలుపెట్టొద్దు అంటాను. ముందు స్పెల్లింగ్ తేల్చుకోండి, తర్వాత ఆ పేరు మొట్టమొదట ఎప్పుడు కనిపించిందో చూడండి, ఆ తర్వాతే అర్థం, ఆఖర్లో లెక్కలు.

స్పెల్లింగ్ అంటే ఇంగ్లీష్ స్పెల్లింగ్ కాదు, ఆ పేరు ఏ భాషదో ఆ భాష లిపిలో అసలు ఎలా రాస్తారో అది. ఇంగ్లీష్ అక్షరాల్లోకి వెళ్ళగానే దీర్ఘాలు పోతాయి, ల కి ళ కి తేడా పోతుంది, త ట రెండూ ఒకటే అయిపోతాయి. సంస్కృతంలో సుర అంటే దేవత, చివర దీర్ఘం పెట్టి సురా అంటే మద్యం, ఇంగ్లీష్‌లో రాస్తే రెండూ ఒకటే. అనల అంటే నిప్పు, అనిల అంటే గాలి, ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే అర్థమే మారిపోతుంది. ఇంకో చిక్కు ఏంటంటే సంస్కృతం నుంచి వచ్చిన ఆడవాళ్ళ పేర్ల చివర దీర్ఘాన్ని తెలుగులో మనం పొట్టి చేసేస్తాం, సీతా అనేది సీత అవుతుంది, రమా అనేది రమ అవుతుంది, కాబట్టి సంస్కృతం డిక్షనరీలో వెతికేటప్పుడు ఆ దీర్ఘం మళ్ళీ తగిలించి వెతకాలి, లేకపోతే మగపేరో, అస్సలు సంబంధం లేని ఇంకో పదమో దొరికి అదే అనుకుంటారు.

ఒకే పేరు రెండు మూడు భాషల్లో విడివిడిగా పుట్టి ఉండొచ్చు, ఇది చాలామంది మర్చిపోతారు. కియారా తీసుకోండి. ఇటలీలో కియారా అంటే లాటిన్ క్లారుస్ నుంచి వచ్చింది, వెలుగు, స్పష్టత అని అర్థం, అస్సీసీ సెయింట్ క్లేర్ అసలు పేరు ఇదే. ఐర్లాండ్‌లో సి అక్షరంతో రాసి కీరా అని పలికే పేరు ఒకటుంది, అది కియర్ అనే ఐరిష్ మాట నుంచి వచ్చింది, దానర్థం నలుపు, చీకటి. ఇంగ్లీష్ స్పెల్లింగ్ కొంచెం మారి కె తో రాసేసరికి ఇది ఇటలీదా ఐర్లాండ్‌దా చూసి చెప్పడం కష్టం, అర్థాలు చూస్తేనేమో పూర్తిగా ఎదురెదురు. దారా కూడా అంతే, ఐరిష్‌లో ఓక్ చెట్టుకి సంబంధించింది, పర్షియన్‌లో డేరియస్ రాజు పేరుకి ఇంకో రూపం, కంబోడియాలో మన తారా నుంచే వెళ్ళి నక్షత్రం అయింది. కాబట్టి ఈ పేరుకి అర్థమేంటి అని అడగడం కంటే ఈ మనిషికి ఈ పేరు ఏ భాషలోంచి పెట్టారు అని అడగడం కరెక్ట్. ఆ కుటుంబం ఏ భాష మాట్లాడేది, అన్నదమ్ముల అక్కచెల్లెళ్ళ పేర్లేంటి అనేవి చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు మొదటి సంవత్సరం. నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం, ఎందుకంటే తప్పుడు అర్థాల్ని ఇది ఒక్క దెబ్బకి బయటపెడుతుంది. వెనెస్సా అంటే గ్రీకులో సీతాకోకచిలుక అని చాలా చోట్ల కనిపిస్తుంది. అసలు సంగతేంటంటే జొనాథన్ స్విఫ్ట్ అనే రచయిత తనకి బాగా దగ్గరైన ఎస్తర్ వానమ్‌రీ అనే ఆవిడ కోసం ఇంటిపేరులోంచి వాన్, ఎస్తర్‌లోంచి ఎస్సా తీసి కలిపి ఈ పేరు తయారుచేశాడు, ఆ పేరున్న కవిత 1726లో అచ్చయింది. సీతాకోకచిలుకల్లో ఒక ప్రజాతికి ఫాబ్రిసియస్ అనే శాస్త్రవేత్త వెనెస్సా అని పేరు పెట్టింది 1807లో, అంటే పేరు అచ్చులోకి వచ్చిన ఎనభై ఏళ్ళ తర్వాత. రెండు తేదీలు పక్కపక్కన పెడితే చాలు, సీతాకోకచిలుక అనే అర్థం తర్వాత వచ్చి అతుక్కుందని అర్థమైపోతుంది.

కొన్ని పేర్లు ఎవరూ కావాలని పెట్టినవి కూడా కాదు, అచ్చులో పొరపాటు వల్ల పుట్టాయి. ఇమోజెన్ అనే పేరు షేక్‌స్పియర్ నాటకాల 1623 ఎడిషన్‌లో సింబెలీన్ అనే నాటకంలో ఉంది, కానీ అదే నాటకాన్ని 1611లో స్టేజి మీద చూసిన సైమన్ ఫోర్మన్ తన నోట్స్‌లో ఇన్నోజెన్ అని రాసుకున్నాడు, అందుకే రెండు ఎన్‌లని అచ్చువేసేవాళ్ళు ఎమ్‌గా చదివి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. ఇన్నోజెన్‌కి అమ్మాయి అనే అర్థమున్న ఐరిష్ మాటతో సంబంధం ఉందంటారు. అంటే ఇమోజెన్ అనే రూపంలోనే అర్థం వెతికితే దొరికేది ఏమీ లేదు, అసలు రూపానికి వెళ్ళాలి.

మొదటి సంవత్సరం వెతకడానికి గూగుల్ బుక్స్, ఒక మాట ఏ ఏడాది పుస్తకాల్లో ఎంత కనిపించిందో గ్రాఫ్‌గా చూపించే దాని ఎన్‌గ్రామ్ వ్యూయర్ బాగా పనికొస్తాయి. మూడు జాగ్రత్తలు చెప్తాను. అందులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉంటుంది కాబట్టి మొదటి అక్షరం పెద్దది పెట్టి కొట్టండి. అదే మాట ఇంటిపేరుగానో ఊరిపేరుగానో ఉంటే గ్రాఫ్ మొత్తం దానివల్లే పైకి లేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, గ్రాఫ్‌లో పాత ఏడాది దగ్గర చిన్న గీత కనిపించగానే నమ్మకండి, పాత పత్రికలకి స్కానింగ్‌లో తప్పు సంవత్సరం పడటం మామూలే, కాబట్టి ఆ పేజీ తెరిచి కళ్ళతో చూసి అప్పుడు రాసుకోండి.

అర్థం దగ్గరికొస్తే, సంస్కృతం అని చెప్పే పేరైతే మోనియర్ విలియమ్స్ డిక్షనరీ 1899 ఎడిషన్ కొలోన్ యూనివర్సిటీ సైట్‌లో ఫ్రీగా వెతుక్కోవచ్చు, తెలుగు నిఘంటువులకైతే ఆంధ్రభారతి సైట్ ఉంది, ఒకేసారి చాలా నిఘంటువుల్లో చూపిస్తుంది. మోనియర్ విలియమ్స్‌లో అర్థం పక్కన చిన్న గుర్తులు ఉంటాయి, అవి వదిలేయకండి, అసలు సమాచారం అక్కడే ఉంది. పక్కన ఋగ్వేదం, మహాభారతం గుర్తు ఉంటే ఆ అర్థంలో ఆ గ్రంథంలో నిజంగా వాడారు అని. ఎల్ అనే ఒక్క అక్షరం ఉంటే ఆ అర్థం పాత కోశాల్లో మాత్రమే ఉంది, గ్రంథాల్లో వాడుక దొరకలేదు అని. ఎన్ అక్షరం పెట్టి ఫలానావాళ్ళ పేరు అని ఉంటే అది పూర్వం నిజంగా పేరుగా ఉన్న మాట, మీకు కావాల్సిన గట్టి ఆధారం ఇదే. మగ, ఆడ లింగం గుర్తు కూడా చూడండి. సహస్రనామాల్లో ఉంది అని ఎవరైనా రాస్తే అది చెక్ చేయడం ఇంకా సులువు, మూల పాఠం తెరిచి వెతకడమే. ఇతర భాషల పేర్లకి విక్షనరీలో వ్యుత్పత్తి భాగం, 1996 నుంచి ఉన్న బిహైండ్ ద నేమ్ సైట్ మంచి ఆరంభం, ఆధారం లేని చోట లేదు అనే రాస్తారు, అది నాకు చాలా నచ్చుతుంది.

ఇక ఎంతమందికి ఉంది అనేది. గూగుల్‌లో ఎన్ని రిజల్ట్స్ వచ్చాయో చూసి పాపులారిటీ అనుకోవద్దు, ఆ రిజల్ట్స్‌లో ఎక్కువ భాగం పేర్ల సైట్లే. ప్రభుత్వ లెక్కలు చూడాలి. అమెరికాలో పెన్షన్ల లాంటివి చూసే సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళు, తమ నంబర్ కోసం దరఖాస్తు చేసినవాళ్ళ పేర్లని బట్టి, 1880 నుంచి ప్రతి ఏడాదికీ పేర్ల ఫైళ్ళు పెట్టారు, సైట్‌లో కనిపించే టాప్ 1000 కాకుండా పూర్తి ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోండి, అరుదైన పేర్లు ఉండేది అందులోనే. అక్కడ ఏడాదికి ఐదుగురి కంటే తక్కువ ఉంటే ప్రైవసీ కోసం ఆ పేరు చూపించరు. ఇంగ్లాండ్ వేల్స్ లెక్కల్లో ఆ హద్దు ముగ్గురు. ఫ్రాన్స్ లెక్కలు 1900 నుంచి ఉన్నాయి, మరీ అరుదైనవి అన్నీ కలిపి అరుదైన పేర్లు అని ఒకే లైన్‌లో వేస్తారు.

ఈ హద్దు అర్థం చేసుకోకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. లిస్ట్‌లో లేదు అంటే సున్నా అని కాదు, నలుగురు ఉండొచ్చు. అబ్బాయిలు అమ్మాయిలు విడివిడిగా లెక్కిస్తారు కాబట్టి నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు ఉన్నా పేరు కనిపించదు. మూడు స్పెల్లింగుల్లో నలుగురు చొప్పున పన్నెండు మంది ఉన్నా కనిపించదు, అందుకే తోచిన స్పెల్లింగులన్నీ రాసుకుని ఒక్కోటీ వెతికి కూడండి. ర్యాంక్ అసలు పట్టించుకోకండి, కింద వరుసల్లో వందల పేర్లకి ఒకటే సంఖ్య ఉంటుంది, అప్పుడు అక్షరక్రమంలో వేసేస్తారు, మీ పేరు ఎ తో మొదలైతే ర్యాంక్ ముందుకొస్తుంది అంతే. ఐదు నుంచి తొమ్మిదికి వెళ్తే 80 శాతం పెరిగింది అని చెప్పుకోవచ్చు గానీ పెరిగింది నలుగురే. ఏళ్ళ మధ్య పోల్చాలంటే మొత్తం పుట్టినవాళ్ళతో భాగించండి, అమెరికాలో 1957లో దాదాపు 43 లక్షల మంది పుడితే 2020లో 36 లక్షలే. 1937కి ముందు పుట్టినవాళ్ళు చాలామంది సోషల్ సెక్యూరిటీ నంబర్ తీసుకోనేలేదు, కాబట్టి ఆ పాత ఏళ్ళలో తక్కువ కనిపిస్తే పేరు అప్పట్లో లేదు అని తేల్చేయకండి.

ఆఖరి పని, సంఖ్య ఎక్కడైనా ఒక్కసారిగా ఎగిరిందా చూసి కారణం వెతకడం. నెవేయా అనేది హెవెన్ అనే మాటని వెనక నుంచి రాస్తే వచ్చిన పేరు, 2000లో ఒక రాక్ సింగర్ టీవీలో తన కూతురి పేరు ఇదని చెప్పాడు, 2001లోనే అది అమెరికా టాప్ 1000లోకి వచ్చేసింది. మీ పేరుకి కూడా ఎగిరిన ఏడాది దొరికితే ఆ ఏడాదిలోనూ అంతకు ముందు ఏడాదిలోనూ వచ్చిన సీరియళ్ళు, సినిమాలు, ఆటగాళ్ళు, వార్తలు చూడండి, ఏడాది చివర్లో జరిగినదాని ప్రభావం తర్వాతి ఏడాది లెక్కలోనే పడుతుంది. ఏ కారణమూ దొరక్కపోతే మిగతా స్పెల్లింగులకి కూడా అదే ఏడాది ఎగిరిందా చూడండి, అన్నీ కలిసి ఎగిరితే జనం ఆ పేరుని ఎక్కడో విని పెట్టారు, ఒకటే ఎగిరితే ఎక్కడో రాసి ఉండగా చూసి పెట్టారు, వెతకాల్సిన చోటు దాన్నిబట్టి మారుతుంది.