పిండం ల్యాబ్ పాఠాలు – 6: చుక్కను కొలవండి, తెరను కాదు

ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) ల్యాబ్‌లో కేథటర్‌లోకి, అంటే పిండాన్ని గర్భాశయంలోకి చేర్చే సన్నని గొట్టంలోకి, పిండాన్ని ఎక్కించడం ఈసారి నేర్పుతానని మాట ఇచ్చాను. అది చివర్లో క్లుప్తంగా ఉంటుంది. పిండం పెరిగే పోషక ద్రవాన్ని (మీడియం) డిష్‌లో చుక్కలుగా వేయమన్న పోయిన పాఠం తరువాత టెక్కలి నుంచి, బొబ్బిలి నుంచి వచ్చిన ప్రశ్నలు చూశాక, ముందు ఆ పని సరిచేయక తప్పదనిపించింది.

చాలామంది డిష్‌ను మైక్రోస్కోపు వేడి పలక (స్టేజ్) మీద పెట్టి చుక్కలు వేశారు. పిండానికి వెచ్చదనం కావాలి కదా అని రాశారు. పిండానికి కావాలి, ఖాళీ చుక్కకు అక్కర్లేదు. వేడి ప్లాస్టిక్ మీద, పైన గాలి వీస్తుండగా, 20 మైక్రోలీటర్ల చుక్క చూస్తుండగానే నీటిని కోల్పోతుంది. లవణాలు అందులోనే మిగిలి చిక్కబడతాయి. కంటికి తేడా తెలియదు, పిండం ఎదుగుదల మాత్రం దెబ్బతింటుంది. చల్లని బల్ల మీద, ఒక్కసారికి ఒక్క డిష్‌లోనే చుక్కలు వేసి, వెంటనే ఆయిల్ పోయండి. నేనైతే ముందు చిన్న చుక్కలు పెట్టి ఆయిల్ పోస్తాను. ఆ తరువాత వాటిని పీల్చేసి అదే చోట కొత్త మీడియం నింపుతాను. శ్రమ ఎక్కువే అయినా నాకు ఈ పద్ధతే ఇష్టం. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో (వేడిని, వాయువులను అదుపులో ఉంచే పెట్టెలో) ఉంచడం, పేర్లు రాయడం మీకు తెలిసినవే.

ఇక నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే మాట: “స్టేజ్ 37 చూపిస్తోంది, అంతా సరిగ్గానే ఉంది.” ఆ 37 ఎక్కడిది? పలక లోపలి సెన్సార్‌ది. ఒక డిష్‌ను కంటి ఎత్తుకు ఎత్తి వెలుతురులో చూడండి. అడుగున చుట్టూ సన్నని అంచు కనిపిస్తుంది. ఆ అంచు మీద నిలబడిన డిష్‌కు, పలకకు మధ్య గాలి పొర ఉంటుంది, దాని గుండా వేడి సరిగా పైకి రాదు. కంపెనీ మారితే అంచు ఎత్తు మారుతుంది. కాంతి వచ్చే గాజు దగ్గర ఒక వేడి, మూలల్లో మరొకటి. మూత తీస్తే ఇంకొకటి. విజయనగరం ఎండలకు ఏసీ గాలిని నేరుగా స్టేజ్ మీదికి తిప్పుకుంటే మరొకటి. తెర మీద 37 ఉండగా చుక్కలో ఒక డిగ్రీకి పైగా తగ్గి ఉండవచ్చు. అండంలో క్రోమోజోములను పట్టి ఉంచే స్పిండిల్ చల్లబడితే విడిపోతుంది, మళ్ళీ వేడి చేసినా ప్రతిసారీ సరిగా కుదురుకోదు.

అందుకని వేడి కొలిచే సన్నని థర్మోకపుల్ తీగ కొనండి. దాని కొసను ఆయిల్ కింద, చుక్క లోపల ఉంచి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగండి. చుక్కలో 37 వచ్చేలా స్టేజ్‌ను సరిచేయండి, ఏ చోటా దాటనివ్వకండి. ఎక్కువ వేడి ఇంకా ప్రమాదం.

ఇంక్యుబేటర్‌లోని కార్బన్ డయాక్సైడ్‌కూ ఇదే సూత్రం: తెర మీది అంకెను కాదు, మీడియంనే కొలవాలి. బెంగళూరులో శిక్షణ పొందినవారు అక్కడి శాతాన్నే ఇక్కడ పెడుతున్నారు. ఆ ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం తక్కువ, కాబట్టి వాయువు శాతం ఎక్కువ కావాలి. అదే శాతం మన తీరంలో పెడితే మీడియం ఆమ్లత పెరుగుతుంది. మీడియం పీహెచ్ కొలిచి, తయారీదారు చెప్పిన పరిధిలో, అంటే సాధారణంగా 7.2–7.4 మధ్య ఉండేలా శాతాన్ని నిర్ణయించండి.

ఇప్పుడు కేథటర్. డాక్టర్ సిద్ధమని చెప్పేదాకా పిండాన్ని ఎక్కించకండి. మీడియంతో కడిగిన సిరంజిని కేథటర్‌కు తగిలించి, కేథటర్‌లోకి కాస్త మీడియం, కొద్దిగా గాలి, పిండం ఉన్న మీడియం, మళ్ళీ కొద్దిగా గాలి, ఈ వరుసలో తీసుకోండి. మొత్తం 30 మైక్రోలీటర్లు దాటకూడదు. ఎక్కించిన క్షణం నుంచి గర్భాశయంలో వదిలేదాకా రెండు నిమిషాల లోపే ఉండాలి. కేథటర్ తిరిగి వచ్చాక మైక్రోస్కోపు కింద తప్పనిసరిగా చూడండి. పిండం అందులోనే మిగిలి ఉంటే వెంటనే డాక్టర్‌కు చెప్పి మళ్ళీ ఎక్కించండి.

అభ్యాసం: స్టేజ్ మధ్యలో, నాలుగు మూలల్లో, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, పది రోజులు చుక్క వేడి కొలవండి. మూత ఉంచి ఒకసారి, తీసి ఒకసారి. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారిన ప్రతిసారీ విడిగా కొలవండి. 2018 తిత్లీ తుపాను తరువాత శ్రీకాకుళం జిల్లాలో కరెంటు కోసం ఎన్ని రోజులు ఎదురుచూశారో మీకు తెలుసు. ఆ అంకెలన్నీ స్టేజ్ బొమ్మ మీద రాసి పంపండి. రంగు నీళ్ళతో కేథటర్ నింపడం వీలున్నప్పుడు చేసుకోవచ్చు.