గియోన్ లాంతర్లు చూడాలంటే జులై 21-23 మధ్య వెళ్లండి

జులైలో జపాన్ వెళ్లేవాళ్లు క్యోటోలో గియోన్ మత్సురి అనే రథాల పండుగ చూడాలని 16వ తేదీ సాయంత్రానికే ప్లాన్ వేసుకుంటారు. 17న పెద్ద ఊరేగింపు ఉంటుంది కాబట్టి ఆ ముందు రాత్రి షిజో వీధిలో ఇసుక వేస్తే రాలదు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే నిజంగా టెన్షనే.

నా మాట వింటే 21, 22, 23 తేదీల్లో ఏదో ఒక సాయంత్రం వెళ్లండి. ఈ పండుగలో ఊరేగింపు రెండుసార్లు జరుగుతుంది. రెండోది 24న, దానికి ముందు మూడు సాయంత్రాలు రథాలు లాంతర్లతో వీధుల్లో నిలిచి ఉంటాయి. చాలా ఏళ్లు రెండూ కలిపి ఒకేరోజు చేశారు, 2014లో మళ్లీ విడదీశారు. ఈ రెండోదాంట్లో రథాలు తక్కువే, కానీ తిండి బండ్ల హడావిడి ఉండదు. రథం పక్కనే నిలబడి, వరుసలుగా వెలిగే కాగితపు లాంతర్లను, లోపల వాయించే గంటలు, వేణువులను తీరిగ్గా ఆస్వాదించవచ్చు. నాకైతే ఇదే అసలైన పండుగ.

సబ్‌వేలో షిజో స్టేషన్‌లో దిగి షిన్‌మాచి వీధికి నడవండి. ఓడ ఆకారంలో ఉండే ఓఫునెహోకో రథం అక్కడే, షిజో వీధికి కాస్త దక్షిణంగా ఉంటుంది. చీకటి పడేది ఏడు దాటాకే, అందుకని ఆరున్నరకు చేరితే చాలు. ఉక్క విపరీతం, నీళ్ల సీసా తప్పనిసరి.

రథాల దగ్గర అమ్మే చిమాకి తినేది కాదు. వెదురాకులతో చుట్టిన రక్ష అది, గుమ్మానికి కట్టుకుంటారు. మంచివి త్వరగా అయిపోతాయి, కావాలంటే ముందే కొనేయండి.