స్వైన్ ఫీవర్ పాఠాలు – 4: యాంటీబాడీ రిపోర్టు చదవడం

క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ ముందు పంది టాన్సిల్స్‌లో దిగి, అక్కణ్ణించి లింఫ్ గ్రంథులకూ ప్లీహానికీ పాకుతుందని పోయిన పాఠంలో చూశాం. ఈసారి ల్యాబు రిపోర్టు చేతిలో పట్టుకుని చదువుదాం.

కణంలోకి వైరస్ రాగానే ఐఆర్ఎఫ్3 అనే ప్రొటీను ఇంటర్‌ఫెరాన్ తయారీని మొదలుపెట్టించాలి. పక్క కణాలను హెచ్చరించేది ఇంటర్‌ఫెరానే. ఈ వైరస్ తన ఎన్‌ప్రో ప్రొటీనుతో ఆ ఐఆర్ఎఫ్3ని నాశనం చేయిస్తుంది. కాపలా కుక్క నోరు కట్టేసి ఇంట్లో దూరే దొంగ పని ఇది. తర్వాత తెల్లరక్తకణాలు పడిపోతాయి. వైరస్‌ను ఎదిరించడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు రక్తంలో కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి జ్వరంతో మేత మానేసిన పందికి యాంటీబాడీ 'నెగటివ్' అని వస్తే ధైర్యపడకండి. పీసీఆర్‌తో వైరస్‌నే వెతకమని పశువుల డాక్టరు గారిని అడగండి.

ఇంకో నెగటివ్ ఉంది, నాకు ఎక్కువ భయం దాంతోనే. పందికి చూడి కట్టిన సుమారు 50–70 రోజుల మధ్య వైరస్ సోకితే, కడుపులోని పిల్లల శరీరం దాన్ని తనదే అనుకుంటుంది, ఎదిరించదు. అలాంటి పిల్లలు పుట్టినప్పుడు బాగానే కనిపించవచ్చు. యాంటీబాడీ ఉండదు, కానీ నెలల తరబడి వైరస్‌ను విడుస్తూనే ఉంటాయి.

'పాజిటివ్' వస్తే జబ్బు సోకి ఉండొచ్చు, టీకా వేసి ఉండొచ్చు, పాలు తాగే పిల్ల అయితే తల్లి ముర్రుపాల నుంచి వచ్చి ఉండొచ్చు. ఈ2, ఈఆర్ఎన్ఎస్ అనేవి వైరస్ పైపొరలోని రెండు ప్రొటీన్లు. ఈ2 ప్రొటీను ఒక్కటే ఉన్న టీకా వేస్తే ఈ2కి యాంటీబాడీ వస్తుంది, ఈఆర్ఎన్ఎస్‌కి రాదు. కాబట్టి ఈఆర్ఎన్ఎస్ పరీక్షలో పాజిటివ్ వచ్చిందంటే వైరస్ సోకినట్టే. మన దేశంలో వేసే లైవ్ టీకాలతో, అంటే బలహీనపరిచిన వైరస్‌నే ఉంచిన టీకాలతో, రెండూ వస్తాయి, ఈ తేడా దొరకదు. అందుకే టీకా తేదీ రాసి పెట్టుకోవడం అంత ముఖ్యం. ముర్రుపాల యాంటీబాడీ ఎక్కువగా ఉన్న పిల్లలో లైవ్ టీకా సరిగా పట్టదు, తల్లికి ఎప్పుడు వేశారో కూడా రాయండి.

అభ్యాసం: కందుకూరు దగ్గర, హోటళ్ల మిగులు కూడు మేపే ఒక దొడ్డి అనుకుందాం. టీకా వేసిన తల్లికి పుట్టిన నెల పిల్ల పాజిటివ్. దర్శి వైపు నుంచి నాలుగు రోజుల క్రితం కొనుక్కొచ్చిన పంది నెగటివ్, కానీ జ్వరం ఉంది. ముందు దేన్ని విడిగా కట్టేస్తారు, దేనికి ఏ పరీక్ష అడుగుతారు, ఎందుకు? మీ జవాబు రాసి ఉంచుకోండి, అయిదో పాఠం దాంతోనే మొదలుపెడతాం.