ఇంట్లో కట్టిన లేజర్ పాయింటర్ వేడెక్కుతోందా? సమస్య - పరిష్కారం

ముందుగా కళ్ల సంగతి. మీ లేజర్ రంగుకి సరిపడే రక్షణ అద్దాలు పెట్టుకోండి, కిరణాన్ని మెరుపు లేని గోడకేసి తిప్పండి. ఆ తర్వాతే మిగతావి.

వెలుగు తగ్గిపోతోంది, గొట్టం మాత్రం చల్లగా ఉంది

చల్లగా ఉంది కదా, వేడి గొడవ కాదులే అనుకుంటారు. అసలు అనుమానించాల్సింది ఇక్కడే. వెలుగునిచ్చే డయోడ్‌లో పుట్టిన వేడి బయటికి రాలేక లోపలే చిక్కుకుపోయింది. డయోడ్ కాగేకొద్దీ అదే కరెంటుకి తక్కువ వెలుగిస్తుంది, ఎరుపు డయోడ్లు మరీను.

తప్పు దాదాపు ఎప్పుడూ అతుకులోనే ఉంటుంది: డయోడ్‌కీ దాన్ని పట్టుకునే లోహపు మాడ్యూల్‌కీ మధ్య, లేదా మాడ్యూల్‌కీ గొట్టానికీ మధ్య. రాగి గాలికన్నా పదివేల రెట్లకు పైగా వేడిని మోస్తుంది. వెంట్రుకంత సందున్నా వేడిని లాగేసే హీట్‌సింకు ఎంత పెద్దదైనా ఉండీ లేనట్టే.

మాడ్యూల్‌ని బయటికి తీసి చూడండి. వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఒక పక్క నలిగి, ఇంకో పక్క పూసింది పూసినట్టే ఉంటే ఆ పక్క లోహానికి లోహం ఆనడం లేదు. ఇంకాస్త పేస్ట్ కుక్కితే సరిపోదు. పేస్ట్ ఉన్నది సన్నటి గీతలు నింపడానికే. పల్చటి రాగిరేకు చుట్టి, పైన పేస్ట్ పొరలా రాసి, బిగువుగా తోయండి. గ్లూ గన్ జిగురు జోలికి వెళ్లొద్దు, వేడిని ఆపేస్తుంది, మెత్తబడి కిరణాన్ని పక్కకి లాగేస్తుంది.

కొన్ని డయోడ్ల లోహపు ఒళ్లు ఒక కాలుకి కలిసే ఉంటుంది. అది గొట్టానికి తగిలి షార్ట్ కాకుండా, బిగించే ముందు మల్టీమీటర్‌తో చూసుకోండి.

గొట్టం మధ్యలో కాలుతోంది

అది డ్రైవర్, అంటే డయోడ్‌కి కరెంటు అదుపుగా ఇచ్చే సర్క్యూట్. నిండా ఛార్జైన రెండు లిథియం సెల్స్ 8.4 వోల్టులిస్తాయి. ఎరుపు డయోడ్‌కి 2.2 చాలు. 0.2 ఆంపియర్ల దగ్గర ఎల్‌ఎం317 లాంటి లీనియర్ డ్రైవర్ మిగిలిన 6.2 వోల్టులనీ వేడిగా మారుస్తుంది, అంటే 1.24 వాట్లు. డయోడ్ తీసుకునేది మొత్తం 0.44 వాట్లే! వోల్టేజీని వేడిగా పోగొట్టకుండా స్విచింగ్‌తో తగ్గించే బక్ డ్రైవర్‌కి మారండి, లేదా ఒకే సెల్‌తో నడిచే తక్కువ డ్రాప్ (తనలో తక్కువ వోల్టేజీ పోగొట్టుకునే) డ్రైవర్ పెట్టండి. లేజర్ డయోడ్ బదులు మూడు 1ఎన్4007 మామూలు డయోడ్లు, ఒక ఓమ్ రెసిస్టర్ వరుసగా కలిపి పరీక్షిస్తే లేజర్ వెలిగించే పనే ఉండదు.

వెనక మూత వేడి

స్ప్రింగ్, స్విచ్ కాంటాక్టులు. శుభ్రం చేయండి. సెల్లే వేడెక్కితే వెంటనే తీసేయండి.

గొట్టమంతా వేడి

ఇది నయం, వేడి దారిన పడి వస్తోంది, లోహమే చాలట్లేదు. కాసేపు వెలిగించి, కాసేపు ఆపండి, లేదా కరెంటు తగ్గించండి. వెలుగు తగ్గిందని కరెంటు పెంచితే వేడి ఇంకా పెరిగి డయోడ్ చేతికి దక్కదు.

ఆకుపచ్చ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంది

532 నానోమీటర్ల మాడ్యూల్ అయితే లోపలి క్రిస్టల్‌కి వెలుగందించే 808 నానోమీటర్ల పంప్ డయోడ్ తరంగదైర్ఘ్యం ఒక్కో డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. క్రిస్టల్ దాన్ని సరిగ్గా పీల్చుకోలేదు. అతి చలిలోనూ ఇదే తంతు, కాబట్టి దీనికి కావాల్సింది చల్లదనం కాదు, నిలకడైన ఉష్ణోగ్రత.

చల్లారాక కూడా వెలుగు రావట్లేదు

లెన్స్ తుడిచి చూడండి. అయినా కిరణం కాకుండా ఎల్‌ఈడీలా మసక వెలుగే వస్తుంటే డయోడ్ పోయినట్టే, మార్చాల్సిందే. కొత్తది అతికే ముందు డ్రైవర్ అవుట్‌పుట్ కెపాసిటర్‌ని షార్ట్ చేసి ఖాళీ చేయండి. అందులో మిగిలిన ఛార్జ్‌కి కొత్త డయోడ్ కూడా పోవచ్చు.